గోరింటలంక జనాభా

ఆ పొద్దున మబ్బు గోదావరి మీదికి దిగి కూర్చుంది. కురవదు, కదలదు. రాజమండ్రి ఒడ్డున ఉన్న తమ డాబా మీంచి చూస్తే వంతెన అవతలి కొస కనిపించడం లేదు. సూర్యప్రకాశం గారు పిట్టగోడకి ఆనుకుని నీటి రంగు చూశారు. ఎర్రబడింది. పైన ఎక్కడో గట్టి వానలే పడ్డాయన్నమాట. ఉద్యోగమంతా కాలవ లాకుల దగ్గరే గడిపిన మనిషి. రిటైరై ఇన్నాళ్ళయినా పొద్దున్నే నీళ్ళు చూడందే ఆయనకి కాఫీ సయించదు.

చూసి కిందికి వచ్చేసరికి కాఫీయే లేదు. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా కారిపోయాయి. ఆయన భార్య లలితాంబ కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది.

"మీ అమ్మాయికి పిల్లలెంతమంది? ఇద్దరా? మీ తమ్ముడు కూడా తునిలోనేనా? బావున్నారు కదా అందరూ, అంతే చాలమ్మా. ఉంటాను మరి."

"ఎవరే?" అన్నారాయన.

"ప్రసన్నకుమారండీ. మా ఊరి పాస్టరు గారమ్మాయి. చిన్నప్పుడు నా పక్కనే కూర్చునేది బళ్ళో. తునిలో టీచరుగా చేస్తోందిట."

"కాఫీ?"

"అయ్యో, పాలు!" అంటూ లలితాంబ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

నెలరోజులుగా ఇదే వరస. దీనికంతటికీ మూలం కూతురు శ్రీసుధ. ఆ పిల్ల రాజమండ్రిలోనే ఒక కాలేజీలో లెక్చరరు. నాలుగేళ్ళుగా తెలుగు వికీపీడియాలో వ్యాసాలు రాస్తోంది. జీతం లేని పని. "మధ్యాహ్నాలు ఏమీ తోచడం లేదంటావుగా అమ్మా, నువ్వూ రాయి" అని తల్లికీ ఒక ఖాతా తెరిచి పెట్టింది.

తెరవగానే "లలితాంబ గారూ, తెలుగు వికీపీడియాకు స్వాగతం" అని ఒక సందేశం వచ్చింది. కొత్తవాళ్ళందరికీ వచ్చేదే అది. లలితాంబకి ఆ సంగతి తెలియదు. కింద ఉన్న పేరు చూసి, "చాలా సంతోషం బాబూ. రాజమండ్రి వస్తే తప్పకుండా మా ఇంటికి భోజనానికి రా. వచ్చే ముందు ఫోన్ చెయ్యి" అని జవాబు రాసింది. శ్రీసుధ రెండ్రోజులు నవ్వింది.

ఆ తరవాతే లలితాంబ తన పుట్టిన ఊరి పేజీ వెతుక్కుంది. రెండే లైన్లున్నాయి. గోరింటలంక ఒక నిర్జన గ్రామం. జనాభా సున్నా.

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదవడం సూర్యప్రకాశం గారు చూశారు. గోదావరి మధ్యలో ఉండేది ఆ లంక. ఏడాదికింత చొప్పున కోసుకుపోయి, చివరికి ఒక వరదకి తుడిచిపెట్టుకుపోయింది. ఊరు లేని మాట నిజమే.

అయినా లలితాంబ రాసింది. రేవు నించి ఊళ్ళోకి ఇసక దారి, ఎండాకాలం కాళ్ళు కాలకుండా దాని మీద పరిచే కొబ్బరాకులు, పుచ్చపాదుల కాపలా, వరదొస్తే చర్చి మేడ మీద అన్ని కులాలవాళ్ళూ కలిసి వండుకోవడం. తెల్లారేసరికి అదంతా ఎవరో తీసేశారు. "దయచేసి మూలాలు ఇవ్వండి" అని ఒక ముక్క మిగిలింది.

"మూలం నేనే కదే! పుట్టింది నేను. ఆ గోదాట్లో ఈదింది నేను" అంది లలితాంబ కూతురితో.

"నువ్వు మూలం కావమ్మా. అచ్చయిన పుస్తకమో, పేపరో కావాలి."

"పుచ్చపాదుకి నీళ్ళెలా మోస్తారో పేపరాయనకేం తెలుసు?"

"పోనీ ఇంకో ఊరి గురించి రాయి."

"ఇంకో ఊళ్ళో నేను పుట్టలేదు" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నించి మొదలయ్యాయి ఈ ఫోన్లు.

ఆ సాయంత్రం శ్రీసుధ కాలేజీ నించి వస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరింది.

"అమ్మా, ఏం చేశావు నువ్వు?"

"దొండకాయ వేపుడు."

"జోకులొద్దు. గోరింటలంక జనాభా నూట ఎనభై ఏడు అని రాసింది నువ్వేనా?"

"నేనే. ఈ పొద్దున ప్రసన్న చెప్పినవాళ్ళని కలిపితే ఇంకా పెరుగుతుంది."

"వాళ్ళు తీసేస్తే మళ్ళీ రాశావు. మళ్ళీ తీసేస్తే మళ్ళీ రాశావు. నీ పేజీలో దుశ్చర్య అని హెచ్చరిక పెట్టారు తెలుసా? ఇంకోసారి రాస్తే నీ ఖాతా ఆపేస్తారు. ఈవిడ మీ అమ్మగారేనా అని నన్నడుగుతున్నారు. ఆదివారం కొత్తవాళ్ళకి నేను క్లాసు చెప్పాలి, ఆధారం లేకుండా ఒక్క అంకె కూడా రాయకూడదని! ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

లలితాంబ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. "దుశ్చర్యా? నేనా?" అంది మెల్లగా. "నేనెవర్నీ ఏమీ అనలేదే. ఉన్నవాళ్ళని ఉన్నారని రాశాను."

"అక్కడ ఎవరున్నారమ్మా? అక్కడిప్పుడు గోదావరి ఉంది."

"అక్కడ లేకపోతే చచ్చిపోయినట్టా? బతికే ఉన్నారుగా! ఒక్కొక్కళ్ళతో మాట్లాడాను నేను." ఆవిడ అట్లకాడతో గాల్లో దారి చూపించింది. "రేవు ఎక్కగానే పడవ వీరవేణి వాళ్ళు. ఇప్పుడు నరసాపురంలో ఉన్నారు, అయిదుగురు. పక్కన ఏసమ్మ, వాళ్ళ ముగ్గురు కొడుకులు, వాళ్ళ పిల్లలు. ఆ పైన చర్చి. చర్చి ఎదురుగా కంసాలి వాళ్ళు. మలుపు తిరిగితే దుర్గాశ్రీ వాళ్ళ మండువా ఇల్లు..."

వీధిలో నడుస్తున్నట్టే చెప్పుకుపోయింది. ఏ ఇంటి ముందు ఏ చెట్టుండేదో, ఎవరి గుమ్మంలో కుక్క కరిచేదో కూడా. శ్రీసుధ కోపం మరిచిపోయి వింటోంది. కుర్చీలో కళ్ళు మూసుకుని సూర్యప్రకాశం గారూ వింటున్నారు. పెళ్ళికొడుకుగా పడవ దిగి ఆ దారినే నడిచారాయన. ఊరి చివరిదాకా వెళ్ళి లలితాంబ ఆగింది.

"రామాలయం పక్కిల్లు చెప్పలేదు" అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

"ఏ ఇల్లు?"

"మనకి పెళ్ళయిన ఇల్లు."

"అందులో నేనున్నాగా. నన్ను కలిపాను."

"మణిశంకర్ని?"

లలితాంబ పొయ్యి వైపు తిరిగి వేపుడు కలిపింది. మణిశంకర్ ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు. రావులపాలెంలో మందుల షాపు. లంకలో మిగతావాళ్ళంతా ఇంకా ఉండగానే, ఆ యేడు వరదలు రాకముందే, అతను ముసలి తల్లిని తన ఇంటికి తెచ్చేసుకున్నాడు. "నన్ను మనూరు తీసుకెళ్ళవే" అని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా తల్లి కూతురి చెయ్యి పట్టుకునేది. ఏడాది తిరక్కుండా పోయింది. షాపు వదిలి రావడం కుదరక అమ్మని ఊరి నించి పెరికి తెచ్చాడని, ఆ దిగులే ఆవిణ్ణి చంపిందని లలితాంబ పన్నెండో రోజున అందరి ముందూ అంది. తొమ్మిదేళ్ళుగా ఆ అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

"వాడు నాకు లేడు" అంది చివరికి.

"బతికే ఉన్నాడుగా" అన్నారు సూర్యప్రకాశం గారు. "ఆ వికీపీడియా వాళ్ళు మీ ఊరి మొహం చూడలేదు లలితా. తెలియక సున్నా అన్నారు. నువ్వు ఎత్తుకుని పెంచినవాణ్ణి..."

అక్కడికి ఆగిపోయారు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడ్డమే అరుదు. లలితాంబ అట్లకాడ గట్టు మీద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. దొండకాయలు తండ్రీ కూతుళ్ళే దింపుకున్నారు.

మర్నాడు రెండో శనివారం. సూర్యప్రకాశం గారు డాబా దిగి వచ్చేసరికి కాఫీ రెడీగా ఉంది. లలితాంబ గంజిపెట్టిన నేతచీర కట్టుకుని సంచీ పట్టుకుని నిలబడింది.

"రావులపాలెం వెళ్దామండీ" అంది. "లెక్క తప్పుగా ఉందిట కదా."

శ్రీసుధ పరుగున వెళ్ళి జడ వేసుకుంది.

బస్సు దిగేసరికి మార్కెట్లో అరటి గెలల లారీలు బారులు తీరి ఉన్నాయి. మణిశంకర్ ఇల్లు ఆ వెనక సందులోనే. గేటు తీసిన చప్పుడికి అతని భార్య హైమ బయటికొచ్చింది. చూసి, "ఏవండీ, వదినగారు!" అని లోపలికి కేకేసింది.

మణిశంకర్ బనీనుతో వచ్చాడు. జుట్టు బాగా తెల్లబడింది. గుమ్మంలో అక్కా, లోపల తమ్ముడూ నిలబడిపోయారు.

"ఊరి జనాభా రాస్తున్నాను" అంది లలితాంబ గోడకేసి చూస్తూ. "మీ ఇంట్లో ఎంతమందిరా?"

అతను తలుపు పూర్తిగా తీశాడు. "మేమిద్దరం అక్కా. పిల్లాడు కాకినాడలో చదువుతున్నాడు. వాణ్ణీ వేసుకుంటే ముగ్గురం." పక్కకి జరిగాడు. "లోపలికి రా. బావగారూ, రండి."

హైమ మంచినీళ్ళిచ్చింది. శ్రీసుధే సంగతంతా చెప్పింది. పేజీ, సున్నా, దుశ్చర్య, అన్నీ. మణిశంకర్ నవ్వబోయి అక్క మొహం చూసి మానేశాడు.

"మన వీధి ఫోటో ఒకటుంది అక్కా. పడవలోంచి తీశాను, అమ్మని తెచ్చిన రోజున" అంటూ ఫోన్లో వెతికి చూపించాడు.

కొబ్బరిచెట్లు, రేవు, దూరంగా చర్చి. ఎడమ పక్క వాళ్ళ ఇల్లు. లలితాంబ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. మళ్ళీ చూసింది.

"మన వంటిల్లేదిరా?"

"అప్పటికే గోదాట్లోకి పోయిందక్కా."

"ఆ యేడు వరదింకా రాలేదుగా?"

"వరద వచ్చేటప్పుడు కాదు లలితా, నీళ్ళు తీసేటప్పుడు కోస్తుంది గట్టు" అన్నారు సూర్యప్రకాశం గారు. "ముందటేడు తీసిన నీళ్ళకే కదిలుంటుంది."

మణిశంకర్ తలూపాడు. "అమ్మ వీధి గదిలో వండుకుంటూ మనిద్దరికీ ఫోన్లో అంతా బావుందని చెప్పేది. పడవ వీరవేణి నాకు కబురు పెడితే వెళ్ళాను. రానంటే రానంది. వీపు మీద మోసుకొచ్చాను. ఒడ్డు చేరేదాకా నా వీపు మీద గుద్దుతూనే ఉంది."

"నాకెందుకు చెప్పలేదురా?" అంది లలితాంబ. "అన్ని మాటలంటే పడి ఊరుకున్నావేం?"

"అమ్మ ఒట్టు వేయించుకుంది. ఇల్లు పోయిందని అక్కకి చెప్పకు, దానికి పుట్టిల్లు ఉందనే అనుకోనీరా అంది. ఆ తరవాత ఊరే పోయింది. ఇంక చెప్పి ఏం లాభం? తిడితే నన్నే కదా తిడతావు అనుకున్నాను."

లలితాంబ కుర్చీలోంచి లేచింది. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, అతని వీపు మీద, తల్లి గుద్దిన చోట, అరచెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఏడుపు బయటికి రానివ్వలేదు గానీ భుజాలు ఆగలేదు. మణిశంకర్ తల వంచుకుని చిన్నపిల్లాడిలా వెక్కాడు. హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి శ్రీసుధ ఫోను అందుకుంది. "మావయ్యా, నువ్వు తీసిన ఫోటో కనక నువ్వు ఒప్పుకుంటే పేజీలో పెట్టచ్చు. కానీ ఆ తరవాత ఎవరైనా వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడం ఉండదు."

"వాడుకోనీ అమ్మా. ఎవరో ఒకళ్ళు చూస్తారు."

లంక కోతకి గురై జనం తరలిపోయారని ఆ రోజుల్లో పేపర్లో పడిన వార్తని ఆ పిల్ల రాత్రే వెతికి పట్టుకుందిట. అది ఆధారంగా చూపించి, ఏం రాయాలో తల్లినే రాయమంది. లలితాంబ ఒక్క వేలితో టైపు చేసింది. "గోదావరి కోత వల్ల ఈ గ్రామంలోని కుటుంబాలు రావులపాలెం, నరసాపురం, తుని మొదలైన ఊళ్ళకు తరలివెళ్ళాయి." జనాభా దగ్గర సున్నా అలాగే ఉంది. దాని జోలికి వెళ్ళలేదు. హెచ్చరిక కింద మాత్రం, "తొందరపడ్డాను బాబూ, ఇకమీదట అడిగి రాస్తాను" అని పెట్టింది.

"ఇదీ తీసేస్తారా?" అంది.

"తియ్యరమ్మా" అంది శ్రీసుధ, తల్లి భుజానికి తల ఆనించి. "ఆదివారం నువ్వూ రా క్లాసుకి."

హైమ హాల్లోనే కింద అరిటాకులు వేసింది. కంద బచ్చలి కూర, ముక్కల పులుసు, నెయ్యి. "నువ్వూ కూర్చో హైమా, కావలసింది మేమే వేసుకుంటాం" అని లలితాంబ మరదలి చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అవతలి పక్క మణిశంకర్ కూర్చున్నాడు.

ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. సందు చివర లారీల చప్పుడు వినిపిస్తోంది. లలితాంబ కూర కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది. మణిశంకర్ ఆకు ఖాళీ అవడం చూసి అన్నం గిన్నె అటు జరిపింది. అతను వడ్డించుకున్నాడు. సూర్యప్రకాశం గారికి మజ్జిగ కావలసి వచ్చింది. నోరు తెరవబోయి, మానేసి, చేత్తో సైగ చేశారు.