తొంభై ఎనిమిది మార్కుల డిపో

"పొగ తాగుతావా?" అన్నాడు చీఫ్.

"మానేశాను సార్. ఊరికే పీలుస్తున్నాను," అన్నాడు ఏజెంట్ నలభై ఒకటి.

కోడ్ సరిపోయింది. పదకొండేళ్లుగా రోజూ మొహాలు చూసుకుంటున్నా, కోడ్ చెప్పందే కుర్చీ చూపించడు ఆ మహానుభావుడు.

"ఒక విదేశీ కంపెనీ. ప్రభుత్వ బస్సులు ఎంత పొగ వదులుతున్నాయో కొలిచి డిపోలకు మార్కులేస్తుందట. పన్నెండు వేల బస్సులకూ వాళ్ల మీటరే పెట్టాలని ప్లాన్. మీటర్ లోపల ఇంకో చిప్ ఉంది. ఏ వంతెన ఎక్కడుందో, సైన్యం గేటు ఎప్పుడు తెరుస్తారో ఫోటోలు తీసి సరిహద్దు దాటిస్తుంది."

"మనవాళ్లకు అనుమానం రాలేదా సార్?"

"ఎందుకొస్తుంది? దేనికి తగిలించినా తొంభై ఎనిమిది చూపిస్తుంది. అధికారులకు మార్కులు, వాళ్లకు మ్యాపు! సోమవారం పదకొండింటికి మంత్రిగారు డిపోలోనే సంతకం పెడుతున్నారు. నేను చెప్తే నమ్మలేదు. కళ్లారా చూస్తే తప్ప ఆయన దేన్నీ నమ్మడు."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. బస్సుల వెనక తిరిగితే చాలు, అసలు రీడింగ్ అందులో దాగుతుంది. కంపెనీ ప్రతినిధి మన డబుల్ ఏజెంటే. కోడ్ నేమ్ 'నీలం'. సోమవారం ఆ రీడింగ్‌ని పెద్ద బోర్డు మీద వెయ్యడం ఆవిడ పని.

"అప్పటిదాకా నువ్వు పొగ ఇన్‌స్పెక్టర్‌వి. వాళ్లిచ్చిన నంబరు కింద నోరు మూసుకుని సంతకం పెట్టు."

ఫైల్లో డిపో పేరు నలభై ఒకటి రెండుసార్లు చదివాడు. అక్క పనిచేసే డిపో అది. బంధువులున్న చోటికి పంపరు, దాచిపెడితే ఉద్యోగం ఊడుతుంది. కానీ అక్కని చూసి ఏడాదైంది. ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

అక్క అంటే అక్క కాదు, తల్లి. అమ్మ పోయాక వీణ్ణి స్పానర్ పట్టిన చేతులతోనే పెంచింది. ఇప్పుడు హెడ్ మెకానిక్. బస్సు కింద తవ్విన పొడవాటి గోతిలో పొద్దస్తమానం నిలబడే పని. పైన బండి స్టార్ట్ చేస్తే పొగంతా ఆ గోతిలోకే దిగుతుంది. పీల్చెయ్యడానికి గోడకో పెద్ద ఫ్యాన్ ఉంది. ఉండటం ఉంది, తిరిగి మూడేళ్లైంది.

"పొగ ఇన్‌స్పెక్టర్‌వై నువ్వే వచ్చావుగా, ఇక నా కష్టాలు గట్టెక్కినట్టేరా!" గోతిలోంచే అరిచింది అక్క. వెంటనే దగ్గు. "డిపో మార్కులు అరవై కిందికి దిగితేనే కొత్త ఫ్యాన్ ఇస్తారట. మేమే చందాలేసుకుని కొంటామన్నా, మార్కులున్న డిపోకి అక్కర్లేదని కనెక్షన్ ఇవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు రాయరా, చాలు."

మర్నాటి నుంచి టెస్టులు. మొదటి బస్సు ఎడమ అద్దం మీద చిన్న పగులు. రెండో బస్సుకూ అదే పగులు. ఏడో బస్సుకూ అదే! డిపోలో ఉన్న ఒకే ఒక్క మంచి బస్సుకి నంబర్ ప్లేటు విప్పడం, ఇంకోటి బిగించడం, ఫుల్‌గా యాక్సిలరేటర్ తొక్కడం. మీటరే దొంగదని పాపం డిపో మేనేజర్‌కు తెలియదు. పాత టెస్టుల నాటి అలవాటు తనది.

"ఇంటికి చుట్టాలొస్తే పగలని గ్లాసులే కదా సార్ తీస్తాం?" అన్నాడు పళ్లికిలిస్తూ.

వారంలో నలభై షీట్లు. నలభై సార్లు తొంభై ఎనిమిది. నలభై సంతకాలు.

శనివారం అవి నోటీస్ బోర్డుకెక్కాయి. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివింది.

"ఇది నీ సంతకమేనా?"

"అక్కా..."

"నేను దగ్గుతుంటే నీకు వినపడటం లేదురా?"

వినపడుతోంది. రాత్రి నిద్రలో కూడా వినపడుతోంది. పెన్ను జేబులో ఉంది, నిజం అందులో ఉంది, చెప్పే నోరే లేదు. అతనికి ఏడుపొచ్చింది. అక్క మళ్లీ గోతిలోకి దిగిపోయింది.

సోమవారం పదిన్నర. స్టేజీ, బోర్డు, తెల్లటి చొక్కాలో మంత్రిగారు. ఎత్తుమడమల చెప్పులు టకటకలాడిస్తూ నీలం వచ్చింది. నలభై ఒకటి పెన్ను అందించాడు. ఆవిడ దాన్ని నేల మీద వేసి మడమతో నొక్కింది. కటుక్కుమంది.

"సారీ అండీ. నేను తన మనిషినని మీ చీఫ్ అనుకుంటున్నాడు. కంపెనీవాళ్లూ తమ మనిషినే అనుకుంటున్నారు. వాళ్లే కరెక్ట్."

అరుద్దామనుకున్నాడు. ఎవరు నమ్ముతారు? నలభై తొంభై ఎనిమిదుల కింద సంతకం తనదే! విరిగిన పెన్ను ముక్కలు ఏరుకున్నాడు.

పది యాభై. మేనేజర్ షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు. "మంత్రిగారికి టెస్టు చూపించాలి, మంచి బస్సు ఏది?"

"ఇంజన్ పట్టేసింది సార్," అంది అక్క. "వారంలో నలభై బస్సులై తిరిగింది. సర్వీసింగ్‌కి ఇమ్మంటే, కాగితాల్లో అది రూట్లో ఉందన్నారు."

"అయితే ఏదో ఒకటి తీసుకురా తల్లీ!"

గోతి మీదున్న ముసలి బస్సు స్టేజీ ముందుకు వచ్చింది. మీటర్ తగిలించారు. డ్రైవర్ అలవాటుగా ఫుల్‌గా తొక్కాడు.

ఢామ్మని నల్లటి పొగ. స్టేజీ మాయమైంది. మంత్రిగారు మాయమయ్యారు. ఆ చీకట్లో బోర్డు ఒక్కటే పచ్చగా వెలుగుతోంది: తొంభై ఎనిమిది. స్వచ్ఛమైన గాలికి అభినందనలు.

కాగితానికి అంగుళం ఎత్తులో మంత్రిగారి కలం ఆగింది. "ఇదా... ఖళ్... తొంభై... ఖళ్... ఎనిమిది? విప్పండ్రా ఆ మీటర్ని!"

రెండో చిప్ బయటపడింది. నీలం గేటు దాకా కూడా వెళ్లలేదు. ఆ చెప్పులతో డిపో గ్రీజులో పరుగెత్తడం ఎవరి తరమూ కాదు.

దేశం గట్టెక్కింది. కాంట్రాక్టు రద్దైంది. కొత్త మీటర్లొచ్చేదాకా ఇన్‌స్పెక్టర్ సంతకం చేసిన షీట్లే చెల్లుతాయని సాయంత్రానికి ఆర్డరొచ్చింది. డిపో మార్కులు తొంభై ఎనిమిది. ఫ్యాన్ ఫైలు మూసేశారు.

గేటు దగ్గర అక్క ఎదురైంది. భుజం మీది గుడ్డ తీసి చేతిలో పెట్టింది.

"ముక్కుకి కట్టుకుని వెళ్లరా. బయటంతా పొగ."

మర్నాడు చీఫ్ లేచి నిలబడి మరీ చెయ్యి కలిపాడు. "శభాష్! ఏం కావాలో కోరుకో."

"ఒక ఫ్యాన్ సార్. గోడకి పెట్టే పెద్ద ఫ్యాన్."

చీఫ్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నీ గదిలో ఏసీ ఉంది కదయ్యా. ఫ్యానెందుకు?"