సర్వపిండి తిన్నాక బేరమా?

“ఇంటికచ్చినోళ్లకు చాయ్ ఇయ్యొద్దా? గిదేం లెక్క?” నడుము మీద చేతులు పెట్టి అడిగింది వందన.

“చాయ్ ఒక్కటైతే నేనేమనకపోదును మేడం. మీ అమ్మ సర్వపిండి గూడ పెడుతున్నది,” అన్నాడు అఖిల్.

అఖిల్‌ది జగిత్యాల. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్. కోరుట్లలోని వందన వాళ్ల ఇల్లు ఇప్పుడు అతని చేతిలో ఉంది. వందనకు జగిత్యాల కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. తండ్రి హన్మండ్లు అక్కడ ఓ ఇల్లు చూసి పెట్టాడు. ఇది అమ్ముడుపోతేనే అది. ఆ ఓనరేమో ఈ నెల దాటితే ఆగనంటున్నాడు.

చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఇల్లు బాగుందనే అన్నారు. ఒక్కరూ మళ్లీ రాలేదు. వందన తల్లి రాధమ్మ ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి, బియ్యప్పిండిలో పల్లీలేసి కాల్చిన వేడివేడి సర్వపిండి పెట్టి, పిల్లాజెల్లా గురించి అడిగేది. అంత ప్రేమగా పెట్టినావిడను ధర తగ్గించమనడానికి నోరు రాక, ఫోన్ చేస్తామని లేచిపోయేవాళ్లు.

“తిన్నోళ్లు బేరమెట్ల చేస్తరు? మొహమాటం ఉండదా?” అన్నాడు అఖిల్.

“అందుకేనా, మీరు మా ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టరు?”

“మీది తింటే మీకు నిజాలెట్ల చెప్త?”

ఇన్నాళ్లూ అది పొగరనుకుంది వందన. నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

“సరే, చెప్పుండ్రి నిజాలు.”

“గా కూలర్ కిటికీకి అడ్డమున్నది, తియ్యుండ్రి. మెట్ల కింద పాత సామాను ఖాళీ చెయ్యుండ్రి. నల్లా కారుతున్నది, బాగు చేయించుండ్రి. ఇల్లు చూడనీకి అచ్చినప్పుడు మీరంతా బయటకు పోవాలె.”

“మా ఇంట్లకెల్లి మమ్ముల్నే ఎల్లగొడతవా కొడుకా!” వంటింట్లోంచి రాధమ్మ కేక.

ఆదివారం వందన, అఖిల్ కలిసి కూలర్ జరిపారు. గదంతా వెలుతురు. వందన ముఖం మీద కూడా. అఖిల్ చూపు అక్కడే ఆగిపోయింది.

“ఏం జూస్తున్నరు?”

“వెలుతురు.”

“కిటికీ అటున్నది సార్.”

మరుసటి వారం సిరిసిల్ల నుంచి అమీనుద్దీన్, హలీమాబీ దంపతులు ఇల్లు చూడ్డానికి వచ్చారు. వాన మొదలైంది. ఇంటివాళ్లు ముగ్గురూ ఎదురుగా కిరాణా షాపు రేకుల కింద నిలబడ్డారు. రాధమ్మ కొంగు చాటున టిఫిన్ డబ్బా!

“అమ్మా, నీకు దండం పెడత, ఇప్పుడొద్దు,” వందన డబ్బా పట్టుకుంది.

లోపల హలీమాబీ కిటికీ దగ్గరి నుంచి కదలనే లేదు. అమీనుద్దీన్ మాత్రం మొహమాటం లేకుండా గట్టిగా బేరమాడాడు. అఖిల్ ఫోన్ చేస్తే హన్మండ్లు కొంచెం దిగాడు, అమీనుద్దీన్ కొంచెం ఎక్కాడు. బేరం కుదిరింది.

హన్మండ్లు ఆనందంగా లోపలికి వెళ్లాడు. అఖిల్ తడుచుకుంటూ రేకుల కిందికొచ్చి చెయ్యి చాపాడు.

“అమ్మా, ఇప్పుడు పెట్టు. ఇగ నేను మీ ఏజెంట్‌ను కాదు.”

రాధమ్మ మురిసిపోతూ సర్వపిండి ముక్క పెట్టింది. మొత్తం తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

“ఒకటడుగుత. తిన్న గద, బేరం చెయ్య. నాకు వందనంటే ఇష్టం. పెండ్లి చేసుకుంటనంటున్న.”

రాధమ్మ కూతురివైపు చెయ్యి చూపించింది. “నన్నడిగితే ఏమున్నది? దాన్నడుగు.”

వందన వానవైపు తిరిగి నవ్వుకుంటోంది. డబ్బాలోంచి ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

“నేను గూడ తిన్న,” అంది మెల్లగా. “ఇగ బేరమేడిది?”

రాధమ్మ డబ్బా మూత పెట్టేసింది.

“అయితే మీ అమ్మానాయిన్లను తోలుకరా. వాళ్లకు గూడ ఇదే పెడత.”