కంబం చేసిన తప్పు

"నీ లాగిన్ ఆగిపోయింది" అన్నాడు డానీ.

సుప్రియతో ఏం మాట్లాడాలా అని ఏడాదిగా తిప్పలు పడుతున్న కుర్రాడు, చివరికి ఆమెతో అన్న మొదటి మాట ఇది.

"ఎందుకు?"

"చూడగూడనివి వెతికినావంట."

మార్కాపురంలో ఆ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు మీద నియమాల కాగితం ఒకటి అతికించి ఉంటుంది. ఫోన్లు లోపలికి తేకూడదు, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడకూడదు, అసభ్యమైనవి వెతకకూడదు. ఎవరూ చదవని ఆ కాగితాన్ని అమలు చేసే పని ఉషారాణి మేడమ్ డానీకి అప్పగించారు. అతనూ సుప్రియా ఎంసీఏ చివరి ఏడాది, ఒకే క్లాసు. డానీ ఉత్సాహం కొద్దీ ఇంగ్లీషు బూతుమాటలన్నీ నెట్‌లోంచి తెచ్చి సోమవారమే సిస్టమ్‌కు నేర్పాడు. వాటిలో ఏ మాట ఎవరు కొట్టినా, అది ఇంకో మాట కడుపులో దాక్కున్నా సరే, లాగిన్ మూతపడుతుంది.

మొదట మూతపడేది సుప్రియదే అవుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"ఏ మాట వెతికినాను?"

డానీ చెవులు ఎర్రబడ్డాయి. "అది నేను చెప్పలేను."

"నోరు రాదా?"

"రాదు. మా అమ్మ పెంపకం అట్లాంటిది."

"అయితే మా అమ్మ పెంపకం ఎట్లాంటిదంటావు?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గోలకు మేడమ్ వచ్చారు. తెర మీద ఎర్ర అక్షరాలు చూసి మొహం గంటు పెట్టుకున్నారు.

"రేపు మీ నాయనను తీసుకుని రా. ఆయనతో మాట్లాడేదాకా లాగిన్ తెరిచేది లేదు."

"శుక్రవారం ఉద్యోగం పరీక్ష ఉంది మేడమ్. ఇక్కడే, ఈ లాగిన్‌తోనే రాయాల."

"అందుకే రేపే తీసుకుని రా అంటున్నా."

సుప్రియ ఏడవలేదు. బ్యాగు భుజాన వేసుకుని డానీ పక్కనుంచి వెళ్తూ ఆగింది. "మా నాయన ట్రాక్టర్ తోలి చదివిచ్చినాడు. ఇప్పుడు ఏమని చెప్పేది ఆయనకు?"

ఆమె వెళ్ళాక డానీ కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అలాంటిది కాదని అతనికి తెలుసు. ఎలా తెలుసంటే మాత్రం చెప్పలేడు. ఏదేమైనా స్టేషన్‌కు పోయి క్షమించమని అడగాలనుకున్నాడు. సుప్రియ రోజూ కంబం నుంచి రైల్లో వచ్చి రైల్లోనే పోతుంది. సాయంత్రం బండి ఎన్నింటికో చూద్దామని ఎదురుగా ఉన్న కంప్యూటర్‌లో మార్కాపురం రోడ్ అనీ, కంబం అనీ ఇంగ్లీషులో కొట్టాడు.

తెర ఎర్రబడింది. డానీ లాగిన్ కూడా ఆగిపోయింది.

కాసేపు అతనికి ఏమీ అర్థం కాలేదు. తర్వాత Cumbum అని రాసే ఆ ఊరి పేరులోని ఆరు అక్షరాలనూ తేరిపార చూశాడు. ముందు మూడూ విడదీస్తే ఒక బూతు. వెనక మూడూ విడదీస్తే ఇంకోటి. ఏ కాలపు దొర రాశాడో గానీ, పద్ధతైన ఊరికి పెద్ద అన్యాయమే చేశాడు. కంబం పిల్లలు మిగతావాళ్ళు రైలు సంగతి ఫోన్‌లో చూసుకుంటారు. సుప్రియ ఫోన్ పాడై నెలయింది, ఆమె ల్యాబ్‌లోనే చూసుకోవాలి.

సంగతి తెలిశాక ఉషారాణి మేడమ్ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. "మా అత్తగారి ఊరే గదయ్యా అది" అంటూ రెండు లాగిన్లూ తెరిచారు. "ఆ పిల్ల ఇంట్లో చెప్పేలోపల ఉరుకు."

డానీ స్టేషన్‌కు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. బండి లేటు. లేటు బండికి అంత మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకున్నవాడు ఆ ప్లాట్‌ఫామ్ మీద ఇంకొకడు ఉండడు.

సుప్రియ బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"నీ తప్పేం లేదు" అన్నాడు రొప్పుతూ. "తప్పంతా మీ ఊరిది."

"మా ఊరేం చేసింది?"

చెప్పాడు. సగం మాటలతో, సగం చేతులతో, ఆ రెండు మాటలూ మాత్రం పలక్కుండా. సుప్రియ తడి బెంచీ మీద వేలితో ఊరి పేరు రాసింది. ముందు సగం చేత్తో మూసి చూసింది. తర్వాత వెనక సగం మూసింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, ఎప్పటికో ఆగింది.

"ఇక్కడ ఒకామెను ఫోన్ అడిగి నాయనకు చెప్పేసినా, రేపు కాలేజీకి రమ్మన్నారని. గాబరా పడతా ఉంటాడు. నింద వేసింది నువ్వు గదా, నువ్వే వచ్చి చెప్పు."

డానీ రైలెక్కాడు.

కంబంలో సుప్రియ నాయన ప్రకాశరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. డానీకి కొత్త చిక్కు వచ్చిపడింది. ఆయన్ను ఏమని పిలవాలి? చిన్నాయనా అంటే సుప్రియ చెల్లెలవుతుంది. మామా అంటే వీపు పగులుతుంది.

"సార్" అన్నాడు.

"ట్రాక్టర్ తోలేటోణ్ణి, సార్ ఏంది?"

డానీ జరిగిందంతా చెప్పాడు.

"అంటే మా ఊరి పేరు బూతంటావు?"

"నేను కాదు సార్, కంప్యూటర్ అనింది."

"దానికి నేర్పిందెవరు?"

"నేనే సార్."

ప్రకాశరావు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. వానకు పూర్తిగా తడిసి ఉన్నాడు. "తప్పు నాదని చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావు. మంచిది నాయనా" అని లోపలున్న భార్యను కేకేశాడు. "రాహేలూ, అన్నం పెట్టు."

శుక్రవారం సుప్రియ పరీక్ష రాసింది. ఉద్యోగం వచ్చింది. రాహేలు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. మంచి జరిగినప్పుడు చర్చి సంఘమంతటినీ పిలిచి, పాటలు పాడి, దేవునికి వందనాలు చెప్పి, అందరికీ భోజనం పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. దొనకొండలో డానీ వాళ్ళ ఇంట్లోనూ అంతే. అతనికీ పిలుపు వచ్చింది.

దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి సుప్రియ లేచింది. "నా పేరు పాడైందనుకున్న రోజు, వాన గూడా లెక్కచెయ్యకుండా ఒక మనిషి ఉరికొచ్చినాడు. ఆ మనిషిని పంపినందుకు దేవునికి వందనాలు."

"ఇంకెవరన్నా?" అన్నారు పాస్టర్ గారు.

డానీ లేచి నిలబడ్డాడు. లేవాలని అనుకోలేదు, కానీ లేచాడు. "కంబం పేరు అట్ల రాసిన దొరకు వందనాలు. ఆయన సరిగ్గా రాసుంటే నేను ఈ ఇంటికి వచ్చేవాణ్ణి కాదు." అందరూ నవ్వారు. "ఒక ప్రార్థన మనవి గూడా ఉంది. అది... నేను చెప్పలేను."

ఆడవాళ్ళ వరుసలోంచి సుప్రియ గొంతు వినిపించింది. "నాదీ అదే మనవి, పాస్టర్ గారూ."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. పాస్టర్ గారు గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

భోజనాలయ్యాక డానీ చెయ్యి కడుక్కుంటుంటే ప్రకాశరావు దగ్గరికొచ్చాడు.

"ఆదివారం మీ నాయనను తీసుకుని రా."

"ఏం తప్పు చేసినాను సార్?"

"తప్పని ఎవరన్నారు? ఆ మనవి సంగతి పెద్దోళ్ళం కూర్చొని మాట్లాడుకుంటాం."

"సరే సార్."

"ముందు ఆ సార్ మానుకో."

గుమ్మంలో సుప్రియ నీళ్ళ చెంబుతో ఆగిపోయి ఉంది. అతను ఏమంటాడో వినేదాకా కదిలేలా లేదు.

"సరే మామా" అన్నాడు డానీ.