కీబోర్డు ఇవ్వను

"కొంచెం జరుగుతారా మేడమ్? ఈరోజు నుంచి నేను మీ పక్కనే."

తల తిప్పి చూశాను. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, దాని మీద మడత నలగని ఇస్త్రీ. మెడలో మాత్రం ఆకుపచ్చ పట్టీ. మా ఆఫీసులో ఐడీ కార్డు వేలాడే పట్టీ రంగు చూస్తే మనిషి ఏ మెట్టు మీదున్నాడో తెలిసిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఆకుపచ్చ, మాలాంటి వాళ్ళకి నీలం, గాజు గదుల్లో కూర్చునే మేనేజర్లకి ఎరుపు. నెరిసిన జుట్టుకి ఆకుపచ్చ పట్టీ ఏమిటో నాకు అంతు పట్టలేదు.

"పక్కన అంటే?"

"పెయిర్ ప్రోగ్రామింగ్ అట. ఇద్దరికీ కలిపి ఒకే కంప్యూటరు. ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు చూస్తూ తప్పులు చెప్పాలి. కాసేపయ్యాక చేతులు మారాలి. మేనేజరుగారు చెప్పారు."

"ఆయనకేం, చెప్పడమే కదా ఆయన పని."

"మరి కీబోర్డు..."

"ఇవ్వను."

ఆయన కుర్చీ లాక్కుని, చొక్కా నలగకుండా కూర్చున్నారు. ఆ క్షణంలోనే మనసులో ఆయనకి ఇస్త్రీ చొక్కా అని పేరు పెట్టేశాను.

నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచడమెందుకు. నాకు నలభై తొమ్మిది. చదువైపోయిన దగ్గర్నుంచి ప్రోగ్రాములు రాస్తూనే ఉన్నాను. మేనేజర్ని కాలేదు, కావాలనీ లేదు. పెళ్ళీ కాలేదు. దాని గురించి మాత్రం సరిగ్గా అడిగినవాళ్ళే లేరు. చుట్టాలు ఎక్కడ కనపడినా "ఇంకా ఆ టకటకేనా?" అంటారు. డాక్టర్ని పట్టుకుని ఇంకా రోగుల్నే చూస్తున్నారా అని ఎవరూ అడగరు. మమ్మల్నే అడుగుతారు. నలభై దాటితే కోడ్ రాసే చేతులు పడిపోతాయని ఎవరు కనిపెట్టారో గాని, ఆ మహానుభావుడు దొరికితే కడిగి పారేద్దామని ఎదురుచూస్తున్నాను.

మేం చేసేది అంబులెన్సుల కంట్రోల్ రూముకి కావలసిన ప్రోగ్రాము. ఎవరైనా సాయం కోసం ఫోన్ చేయగానే, దగ్గర్లో ఖాళీగా ఉన్న బండి ఏదో అది వెతికి చూపిస్తుంది. ఆపరేటరు నొక్కగానే ఆ బండి బయల్దేరుతుంది. ఆ వెతికే భాగమంతా నేను రాసిందే. కన్నబిడ్డలా చూసుకుంటాను.

ఇస్త్రీ చొక్కాకి ప్రశ్నల జబ్బు ఉందని మొదటి పూటే తెలిసింది.

"ఈ లైను ఎందుకు మేడమ్?"

"ఉండాలి కాబట్టి."

"తీసేస్తే?"

"ఊరు మునిగిపోతుంది."

"నిజంగానా?"

"తీసి చూడండి. ఈతొచ్చుగా?"

చప్పుడు రాకుండా నవ్వేవారు. భుజాలు మాత్రం కదిలేవి. పది రోజులు తిరిగేసరికి ఆ ప్రశ్నలకి జవాబులు నేను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాను. అంతకంటే సిగ్గుచేటు, ఆయన అడగని రోజు నాకు తోచేది కాదు.

"తెర అటుంది," అన్నాను ఒకరోజు, ఆయన చూపు నా వేళ్ళ మీదుండటం గమనించి.

"తెలుసండి."

"మరి?"

"తెర మీద తప్పులు ఎప్పుడైనా చూడొచ్చు."

నా చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత రాసిన నాలుగు లైన్లలో మూడు తప్పులు. ఆయనే చూపించారు, పెద్దమనిషిలా.

"ఇంతకుముందు ఏం చేసేవారు?" అని మాట మార్చాను.

"ఒక కంపెనీలో డైరెక్టర్ని."

"ఎర్ర పట్టీనా?"

"చాలా ఏళ్ళు ఎరుపే. మీటింగులో కూర్చోవడం, లేచి ఇంకో మీటింగులో కూర్చోవడం. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ, 'ఈరోజు ఏం చేశారు?' అని అడిగేది. ఎంత వెతికినా చెప్పడానికి ఒక్కటీ దొరికేది కాదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు చెప్పడానికి కొంచెం పనుంది. అడిగేవాళ్ళు లేరు."

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఏదో అనాలనిపించింది. నా నోటికి తిట్లు వచ్చినంత తొందరగా మంచి మాటలు రావు.

ఆ మర్నాడే కాఫీ మిషను దగ్గర మేనేజరు ఫోన్లో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. "మేడమ్ పనంతా ఆయన చేతికొచ్చేస్తుంది. వచ్చాక మేడమ్‌ని గాజు గదిలోకి తీసుకుంటాం. వినకపోతే దారి చూసుకోమనడమే."

కాఫీ అక్కడే వదిలేశాను. ఎర్ర పట్టీ మనిషి ఆకుపచ్చ వేసుకుని ఎందుకొచ్చాడో ఇప్పుడర్థమైంది. ప్రశ్నలట, వేళ్ళట, ఆవిడట. నా దగ్గరే నేర్చుకుని నన్నే లేపేయడానికి వచ్చిన మనిషి ముందు నేను చెవులు ఎర్రబరుచుకుని కూర్చున్నాను. ఆయన మీదకంటే నా మీద నాకు ఎక్కువ మండింది.

మాట్లాడటం మానేశాను. అడిగితే ఊ, లేకపోతే ఉహూ.

మూడోరోజు సాయంత్రం గేటు దగ్గర వాన పట్టుకుంది. గొడుగు లేదు. ఆయన వెనకనుంచి వచ్చి తన గొడుగు నా మీద పట్టారు.

"అక్కర్లేదు. మీరు పట్టుకోండి, తడిస్తే ఇస్త్రీ పోతుంది," అని వానలోకి దిగాను.

నాలుగడుగులు వేశాక పక్కకి చూద్దును కదా, ఆయన గొడుగు మూసి చంకలో పెట్టుకుని, నాతోపాటు తడుస్తూ నడుస్తున్నారు. చొక్కా వంటికి అంటుకుపోయింది.

"పిచ్చా మీకు?"

"మీరు తడుస్తుంటే నేనొక్కణ్ణీ గొడుగేసుకుంటే బాగోదు. ఇంతకీ నేను చేసిన తప్పేంటో చెప్పండి."

"నా కుర్చీ కింద గొయ్యి తవ్వుతూ, ఏం చేశానని అడుగుతున్నారా?"

విన్నదంతా చెప్పేశాను. వాన చప్పుడులో కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఆయన రోడ్డు పక్కనే ఆగిపోయారు.

"ఒట్టు మేడమ్, నాకు తెలీదు."

"డైరెక్టరుగా చేసినవాళ్ళకి తెలీదంటే నమ్మాలా?"

"అసలేమీ తెలీనిది డైరెక్టర్లకేనండి."

నవ్వొచ్చింది. రానివ్వలేదు.

"ఇంటర్వ్యూలో మీరు రాసిన భాగం ఇచ్చి చదవమన్నారు," అన్నారాయన. "చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని, ఓపిగ్గా, విసుక్కోకుండా చెబుతున్నట్టుంది. ఏ పట్టీ అయినా పర్లేదు, ఇది రాసినవాళ్ళ పక్కన సీటు ఇవ్వండి చాలన్నాను."

"విసుక్కోకుండానా?"

"అవునండి. అక్కడే మోసపోయాను."

ఈసారి నవ్వు ఆగలేదు. ఆయన గొడుగు తెరిచారు. ఇద్దరం పూర్తిగా తడిశాక ఇక దాంతో పనేముంది, అయినా దాని కిందే బస్టాపు దాకా నడిచాం.

మర్నాడు పొద్దున్నే కంట్రోల్ రూము నుంచి ఫోను. ఒకే అంబులెన్సుని ఇద్దరు ఆపరేటర్లు రెండు వేర్వేరు ఇళ్ళకి పంపారట. బండి ఒక ఇంటికి వెళ్ళింది. రెండో ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూశారు. చివరికి ఇంకో బండి వెళ్ళింది, ఎవరికీ ఏం కాలేదు. మేనేజరు మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"నా కోడ్‌లో అలా జరగదు," అన్నాను.

మధ్యాహ్నం దాకా ఇద్దరం లైను లైనూ చూశాం. ఎక్కడా ఏమీ లేదు.

"తెలివితక్కువ ప్రశ్న మేడమ్, తిట్టకండి," అన్నారాయన. "ఇద్దరు ఆపరేటర్లు ఒకే బండిని ఒకేసారి నొక్కితే?"

"ఒకేసారి ఎలా నొక్కు..."

ఇది నేను రాసిన కాలంలో ఆ రూములో ఆపరేటరు ఒక్కడే. ఇప్పుడు గదినిండా ఉన్నారు. ఒకే క్షణంలో ఇద్దరికీ ఆ బండి ఖాళీగానే కనపడుతుంది, ఇద్దరూ నాదే అనుకుంటారు. ముందు పట్టుకున్నవాళ్ళు పని ముగించేదాకా రెండోవాళ్ళు ఆగాలన్న నియమం నేను పెట్టనే లేదు.

"తప్పు నాదే," అన్నాను. ఆ మాట నోటికి చేదుగా ఉంది, కాని పళ్ళు బిగించి దిద్దడానికి కూర్చున్నాను. ఆయన ప్రతి లైనూ చదివారు, ఒకచోట నేను తొందరలో వదిలేసింది పట్టుకున్నారు. సాయంత్రానికి ఎన్ని చేతులు ఒకేసారి నొక్కినా బండి ఒక్కరికే వెళ్తోంది.

మేనేజరు మమ్మల్ని గాజు గదిలోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు. నియమాల పుస్తకం మింగి పుట్టాడంతే.

"మేడమ్, నేను అనేది ఇదే. వయసొచ్చాక ఇలాంటి పొరపాట్లు సహజం. అందుకే మిమ్మల్ని ఈ గదిలోకి రమ్మంటున్నాను."

"నీ వయసెంత బాబూ?"

"ముప్పై మూడు."

"ఆ లైన్లు రాసినప్పుడు నాకూ సరిగ్గా అంతే."

అతను కుర్చీలో వెనక్కి జరిగాడు.

"తప్పు అప్పటి నాది. దిద్దింది ఇప్పటి నేను. కనిపెట్టింది ఈ యాభై రెండేళ్ళ ట్రైనీ. ఇందులో వయసెక్కడ అడ్డొచ్చిందో చెప్పు."

"అది కాదు మేడమ్. ఇంత సర్వీసుకి నీలం పట్టీ ఉండకూడదని రూలు. ఎరుపు తీసుకోవాలి, లేదంటే..."

"లేదంటే?"

"లేదంటే ఏముంది, మళ్ళీ కొత్తగా చేరినట్టు ఆకుపచ్చ. జీతమూ అంతే." నవ్వాడు. "అలా ఎవరు తీసుకుంటారు మేడమ్?"

"ఇవ్వు."

నవ్వు ఆగిపోయింది. పక్కన ఇస్త్రీ చొక్కా లేచి నిలబడ్డారు.

"మేడమ్ వెళ్ళిపోతే నేనూ..."

"మీరు కూర్చోండి. ఎవరు వెళ్తున్నారిక్కడ?"

కూర్చున్నారు.

"మేడమ్, బాగా ఆలోచించుకోండి. ఇంట్లో ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతాను. ఈ గాజు గదిలో చేపల్ని పెంచుకో బాబూ, కళకళలాడుతుంది. నేను మాత్రం కీబోర్డు ఇవ్వను."

అంత ధీమాగా అన్నానా, మనసులో లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. జీతం సగానికి పైగా పోతుంది. నిన్నటిదాకా నేను కోప్పడ్డ పిల్లలు రేపట్నుంచి నాతో సమానం. అయినా నా చేతులకి ఇంకో పని రాదు, చేయాలనీ లేదు. ఆయన నన్ను తొందరపెట్టకుండా, సంతకం చేయాల్సిన కాగితం నా వైపు జరిపారు.

"ఇంట్లో చెప్పేటప్పుడు నేనూ రానా?" అన్నారు మెట్లు దిగుతుంటే. "ఆకుపచ్చ పట్టీతో మనిషి బతికే ఉంటాడని చూపించడానికి ఒకరుండాలి కదా."

ఆదివారం ఆయన వచ్చేసరికి మా ఇంట్లో అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటు వదులు చేస్తోంది. డెబ్బై ఆరేళ్ళు. చెల్లి అప్పటికే విషయం విని ఇల్లు పీకి పందిరేస్తోంది.

"అక్కా, మతి పోయిందా నీకు? ఈ వయసులో ట్రైనీవా? మా అత్తగారికి నేనేం చెప్పాలి?"

"మీ అత్తగారికి కోడ్ రాదు. ఏం చెప్పినా ఒకటే."

"నువ్వైనా చెప్పవేం అమ్మా?"

అమ్మ మిషను ఆపలేదు. "కళ్ళు ఆనట్లేదని నా మిషను అమ్మేద్దామన్నావు నువ్వు. సూదిలో దారం ఎక్కించేవాళ్ళుంటే చాలన్నాను నేను. ఇంక మీ అక్కకేం చెబుతాను?" అని ఆయన వైపు తిరిగింది. "ఏం పని చేస్తావు బాబూ?"

"నేర్చుకుంటున్నానండి."

"ఎవరి దగ్గర?"

"మీ అమ్మాయి దగ్గరే."

"తిడుతుందా?"

"రోజూనండి."

"అయితే నచ్చావన్నమాట. నచ్చనివాళ్ళతో అది మాట్లాడనే మాట్లాడదు."

"అమ్మా," అన్నాను. చెవులు మళ్ళీ మోసం చేశాయి.

"నాకు కూడా ఆవిడంటే చాలా ఇష్టమండి," అన్నారాయన తడబడకుండా. "నిజానికి ముందు ఆవిడకే చెప్పాలి. వరస తప్పింది."

"ఇప్పుడు చెప్పు, ఎదురుగానే ఉందిగా."

ఆయన నా వైపు తిరిగారు. డైరెక్టరుగా వందల మంది ముందు మాట్లాడిన మనిషి గొంతు సవరించుకున్నారు.

"సాయంత్రం ఇంటికెళ్ళాక, ఈరోజు ఏం చేశారని అడిగే మనిషి కావాలి నాకు. మీరు అడుగుతారా?"

"అడగడానికేముంది? రోజంతా పక్కనే కూర్చుని చూస్తూనే ఉంటానుగా."

"అయినా అడగండి."

చెల్లి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నన్ను నలభై తొమ్మిదేళ్ళకి ఒకరు సరిగ్గా అడిగారు.

"అడుగుతాను," అన్నాను.

అమ్మ సూదీ దారం ఆయన చేతికిచ్చింది. "ఇది ఎక్కించు బాబూ. దీనికి ఓపిక లేదు." ఆయన కళ్ళజోడు సర్దుకుని, మూడోసారికి ఎక్కించారు. అమ్మ తలూపి మళ్ళీ కోటు మీద పడింది.

సోమవారం నాకు కొత్త పట్టీ ఇచ్చారు. వేసుకుని సీటు దగ్గరికి వస్తుంటే కుర్రకారంతా తలలెత్తి చూశారు. చూసుకోనీ అనుకున్నాను. ఆయన ముందే వచ్చి, నాకు చోటొదిలి పక్కకి జరిగి కూర్చున్నారు. ఈసారి చొక్కాకి ఇస్త్రీ లేదు.

కూర్చుని, కంప్యూటరు తెరిచి, కీబోర్డు ఆయన ముందుకి తోశాను.

ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. "ఇవ్వనన్నారుగా?"

"వాళ్ళకి ఇవ్వనన్నాను."