మోకాలి ఎత్తున మోగే తలుపు

టామరాక్ వీధిలో కిటికీలకు చెక్కలు కొట్టిన ఆ తెల్ల ఇంటికి చెడ్డపేరు తెచ్చింది దాని తలుపు. బయటివాళ్లు తలుపు తడితే లోపల ఎవరో పలికే ఇళ్ల గురించి అందరూ వినే ఉంటారు. ఇక్కడ అలా కాదు. మన దారిన మనం పోతుంటే లోపలి నుంచి తలుపు తడతారు.

అదీ మనిషి నిలబడి తట్టే ఎత్తులో కాదు. కింద... మోకాలి ఎత్తున.

ఏడాది పొడుగునా వినపడదు. అమెరికా ఉత్తర కొసన ఉన్న మా డులూత్‌లో సరస్సు గడ్డకట్టి, ఊపిరి మీసాల మీదే మంచయ్యే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో, చీకటి పడ్డాక వినపడుతుంది. అందుకే పోస్టు పంచే మనిషి చలికాలమంతా అవతలి కాలిబాట మీద నడుస్తాడు. కుక్కల్ని తిప్పేవాళ్లు మలుపు దగ్గరే వెనక్కి మళ్లుతారు.

ఆ ఇంట్లో హిల్మా లాహ్తి అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. మూడు చలికాలాల కిందట, ఇలాంటి రాత్రే, వీధి తలుపు వెనక జారిపడింది. తుంటి విరిగింది. ఫోను వంటగదిలో ఉంది. చేతికందింది కాలి బూటు ఒక్కటే. మర్నాటికి ప్రాణం లేదు. తలుపు తెరిచినవాళ్లు చూశారు – కింది చెక్క మీద బూటు మడమ కొట్టిన గుంటలు. చాలాసేపు కొట్టి ఉంటుంది.

ఎవరికీ వినపడలేదని వీధంతా పోలీసులకు చెప్పింది. ఎదురింట్లో ఉండే ఆవిడ తమ్ముడు ఆర్వో కూడా అదే చెప్పాడు.

ఇక ఈ జనవరి సంగతి. నాకు గ్రేడీ అనే కాలేజీ కుర్రాడు చెప్పాడు. తర్వాత అతనితో పాటు అక్కడున్న మైసీని విడిగా అడిగాను. ఇద్దరి మాటా ఎక్కడా తేడా రాలేదు.

టామరాక్ వీధి చివర చర్చివాళ్ల పాత ఇల్లొకటి ఉంది. అందులో ఏటా ఆరుగురు కాలేజీ పిల్లలు కలిసి ఉంటారు. అద్దె తక్కువ. బదులుగా వీధి పనులు చూడాలి. పిల్లలకు చదువు చెప్పడం, ముసలివాళ్ల వాకిళ్లలో మంచు ఎత్తిపోయడం, సూప్ పట్టుకెళ్లడం. ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. రాత్రి భోజనానికి కూర్చున్నాక, చెంచా ముట్టుకునే ముందు, ఆ రోజు తాము తట్టిన తలుపుల గురించి ఒక్కొక్కరూ చెప్పాలి. ఎవరు తీశారు, ఎలా ఉన్నారు. ‘ఎవరూ తీయలేదు’ అనే జవాబు ఆ బల్ల దగ్గర చెల్లదు. తీయకపోతే మళ్లీ వెళ్లాలి.

జనవరిలో ఒక రోజు చలి హెచ్చరిక వచ్చింది. హీటరు పనిచేయని వాళ్లెవరైనా ఉంటే చర్చి కింది హాల్లోకి తీసుకురావాలని పిల్లలు వీధిని పంచుకున్నారు. సెయింట్ పాల్ నుంచి వచ్చి నర్సింగ్ చదువుతున్న మైసీ వాంగ్‌కి తెల్ల ఇల్లున్న వైపు పడింది.

సాయంత్రం అయిదుకే చీకటి. తన ఇళ్లన్నీ చూసుకుని ఆమె తిరిగి వస్తోంది. తెల్ల ఇల్లు ఖాళీ ఇల్లు కాబట్టి ఆ మెట్లెక్కే పని లేదు. ముందు నుంచి దాటుతోంది...

టక్. టక్. టక్.

ఆమె ఆగలేదు. తల తిప్పలేదు. బూట్ల కింద మంచు కరకరలాడుతుంటే ఇంకాస్త వేగంగా నడిచింది. వెనక మళ్లీ – టక్. టక్. టక్.

బల్ల దగ్గర ఇంగ్రిడ్ సూప్ వడ్డిస్తోంది. ఆ ఏడు ఆ ఇంటికి పెద్ద ఆమే.

“మైసీ, నీ వైపు?”

“అందరూ తీశారు. మిసెస్ పెల్టియర్ కుక్కకి స్వెట్టర్ తొడిగింది. తను మాత్రం వేసుకోలేదు. తిట్టి వేయించా.”

“తెల్ల ఇల్లు?” అన్నాడు గ్రేడీ. డకోటా వైపు గోధుమ పొలాల నుంచి వచ్చిన కుర్రాడు. మనిషి భారీగా ఉంటాడు, నోరు ఊరుకోదు.

“ఖాళీ ఇంటిని ఎవరు తడతారు?”

“నువ్వు తట్టక్కర్లేదులే. అదే తడుతుంది.”

అందరూ నవ్వారు. మైసీ నవ్వలేదు. సూప్ గిన్నె పక్కకి జరిపింది.

“తట్టింది,” అంది.

ఇంగ్రిడ్ గరిటె పక్కన పెట్టింది.

“గాలి అయ్యుంటుంది,” అంది. “చెక్క ఏదో వదులై...”

“గాలి మూడేసి సార్లు కొట్టి ఆగదు. నేను విన్నా. విని వచ్చేశా.” మైసీ లేచి కోటు తీసుకుంది. “లోపల ఎవరైనా ఉంటే? తలదాచుకోవడానికి దూరిన మనిషెవరైనా?”

“ఉంటే ఆ ముసలావిడే ఉంటుంది,” అన్నాడు గ్రేడీ. “నన్నడిగితే తెల్లారాక చూద్దాం.”

“దెయ్యమైతే చలికి చావదు. మనిషైతే తెల్లారే లోపు పోతాడు. లే.”

గ్రేడీ సూప్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. “నేను నీ వెనకాల నడుస్తా,” అన్నాడు. “ముందే చెప్తున్నా.”

వీధిలో మనిషి లేడు. సరస్సు మీంచి గాలి కోస్తోంది. తెల్ల ఇంటి ముందు ఇద్దరూ నిలబడ్డారు. ఏ చప్పుడూ లేదు... చాలాసేపు లేదు.

“చూశావా? ఏం లే—”

టక్.

ఒక్కటే. సాయంత్రం విన్నంత గట్టిగా లేదు. తడుతున్న చేతిలో బలం అయిపోతున్నట్టుంది.

మైసీ మెట్లెక్కింది, వెనకే గ్రేడీ. ఆ తలుపుకి కింది భాగంలో, ఉత్తరాలు వేయడానికి సన్నటి సందుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, ఇత్తడి రేకు ఎత్తి, ఫోను వెలుగు లోపలికి వేసింది.

సందుకి అవతల, జానెడు దూరంలో, ఒక కన్ను.

అది రెప్ప వేసింది.

గ్రేడీ ఎప్పుడు మెట్లు దిగాడో అతనికే గుర్తు లేదు. మైసీ మాత్రం కదల్లేకపోయింది. లోపలి నుంచి గొంతు వచ్చింది. గుసగుసకి ఎక్కువ, మాటకి తక్కువ.

“ఎర్ర బూట్లు... సాయంత్రం వెళ్లింది నువ్వే కదూ? వెనక తలుపు తీసే ఉంది.”

వెనక తలుపుకి తీసిన తాళం వేలాడుతోంది. వంటగది దాటి నడవాలోకి వెళితే – వీధి తలుపుకి భుజం ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు ఎదురింటి ఆర్వో లాహ్తి. చేతిలో పాత ఆడ బూటు ఒకటి. పెదాలు నీలం.

“మిస్టర్ లాహ్తి!” గ్రేడీ గొంతులో కోపం, ఊరట కలిసిపోయాయి. “పొద్దున మీ వాకిట్లో మంచు తీసింది నేనే కదండీ. యాలకుల రొట్టె పెట్టారు. మీకిదేం పని?”

“లేవలేకపోతున్నా అబ్బాయ్. కాళ్లు నావి కానట్టున్నాయి.”

మైసీ అంబులెన్సుకి ఫోన్ చేసింది. రోడ్లు బాగాలేవు, ఆలస్యమవుతుందన్నారు. తన శాలువా ఆయనకు చుట్టి, చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చబరుస్తూ అడిగింది, “ఇన్నాళ్లూ తట్టింది మీరేనా?”

“చలి అక్క పడ్డ రాత్రిలాగే ఉండాలి, గాలీ అప్పటిలా అటునుంచే రావాలి. లేకపోతే లెక్కలోకి రాదు.” ఆయన రైల్వే వర్క్‌షాపులో చక్రాలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. చక్రాన్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, పగులుందో లేదో చెప్పేవాడు. “ఆ రాత్రి నేను ఇంట్లో టీవీలో హాకీ చూస్తున్నా. మధ్యలో ఏదో టకటకమన్నట్టుంది. చెక్క ఊడిందనుకున్నానో... అసలు విననే లేదో... నాకు తెలీదమ్మాయ్. పోలీసులకు వినలేదనే చెప్పా.”

తలుపు అవతల ఉన్న తన ఇంటి వైపు తల ఆడించాడు.

“నేను తడితే అక్కడ వినడానికి మనిషి లేడు. నేను వింటే ఇక్కడ తట్టడానికి లేడు. అందుకని దారినపోయే వాళ్ల కాళ్లు చూస్తా. ఈ సందులోంచి కాళ్లే కనిపిస్తాయి. మూడు చలికాలాల్లో ఒక్క కాలు ఆగలేదు. అంటే బయటికి వినపడదనేగా?”

గ్రేడీ నోరు తెరిచాడు. మైసీ అతని కాలు గట్టిగా తొక్కింది.

“నీకు వినపడిందా?” అని ఆమెనే అడిగాడు ఆర్వో.

ఊరంతా వింటోంది. పోస్టుమనిషి వింటున్నాడు. ఆ చప్పుడుకి కథలు కట్టి బార్లలో చెప్పుకుంటున్నారు. ఆయన మొహం మీద ఆ మాట అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

“లేదు,” అంది మైసీ. “చలి ఎక్కువగా ఉందని అన్ని ఇళ్లూ చూస్తున్నాం.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. భుజాలు సడలాయి.

ఇద్దరూ కలిసి ఆయన్ని వీధి దాటించారు. ఇంటి లోపల వెచ్చగా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పట్లు కప్పి, గ్రేడీ పాలు కాచి తెచ్చాడు. వణుకు మొదలైంది. మంచి గుర్తేనంది మైసీ. ఆసుపత్రి మాట ఎత్తేసరికి ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ముందు ఒక్క పని చేసిపెట్టు. మీరు ఇద్దరున్నారు. నాకెప్పుడూ ఇంతమంది దొరకలేదు.” టీవీ పెట్టించాడు. ఆ రాత్రి ఎంత గట్టిగా పెట్టుకున్నాడో అంతకే సరిచేయించాడు. “నువ్వెళ్లి తట్టు. నేలమీద కూర్చుని, బూటుతో. నేను ఇక్కడ వింటా. వినపడకపోతే అంబులెన్సు ఎక్కుతా. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కను. ఒట్టు.”

“వినపడితే?”

ఆయన ఎదురుగా, కిటికీలోంచి, చెక్కలు కొట్టిన ఇంటి వైపు చూశాడు.

గ్రేడీ ఆమెను గుమ్మం దాకా సాగనంపాడు. తలుపు ఓరగా వేసి గుసగుసగా అన్నాడు, “తట్టకు.”

“పిచ్చివాడా, ఎందుకు తడతాను?”

ఆమె ఒక్కతే వీధి దాటింది. వెనక తలుపు, వంటగది, నడవా. చీకట్లో తడుముకుంటూ వెళ్లి ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. నేల ఇంకా కొంచెం వెచ్చగా ఉందట. బూటు ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు దానికి తగలకుండా రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చింది. ఏ చప్పుడూ లేదు. గాలి కూడా ఆగింది. తన ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఒక మనిషి తట్టి తట్టి అలసిపోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చుంది. తర్వాత బూటుని జాగ్రత్తగా నేల మీద పడుకోబెట్టి బయటికొచ్చింది.

నడుస్తూనే మొహం సర్దుకుంది. ‘కొట్టాను మిస్టర్ లాహ్తి, చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను’ అని చెప్పాలి. అబద్ధమే. కానీ దాంతో ఒక ప్రాణం నిలబడుతుంది.

తలుపు తోసింది. టీవీ ఆడుతూనే ఉంది. ఆర్వో కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. అవతల మలుపులో అంబులెన్సు ఎర్ర దీపాలు కనిపిస్తున్నాయి.

ఏమైందన్నట్టు ఆమె గ్రేడీని చూసింది. గోడకి అతుక్కున్నట్టు నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి లాగాడు. చాలా కోపంగా, చాలా మెల్లగా అడిగాడు.

“తట్టనన్నావు కదా... మరి అంత గట్టిగా ఎందుకు కొట్టావు?”