మిగిలిన రెండు ముళ్ళు

"నీకు కండ్లు కనిపిస్తాయా, లేదా?"

ఆకాష్‌తో కీర్తిక అన్న మొదటి మాట ఇది. అతను పనిలో చేరిన రోజు, బీచ్ రోడ్డు మీద, పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడానికి వచ్చిన జంట ఎదురుగా అంది. వాళ్ళు నవ్వారు కూడా.

"కనిపిస్తాయండి," అన్నాడు ఆకాష్.

"మరి ఇది ఏంది? పిల్ల ముక్కు యాడుంది, మూతి యాడుంది? అంతా మంచు పట్టినట్టుంది."

"ఫోకస్ పెట్టాకే జూమ్ చేశానండి."

"ఐయో! ఇది పాత లెన్సు. దగ్గరికి జూమ్ తిప్పితే ఫోకస్ జారిపోద్ది. తిప్పినాక మళ్ళీ పట్టాల. తిప్పు, వెనక బటన్ నొక్కు, ఆమీద క్లిక్. మూడే పన్లు. కష్టమా?"

కష్టమేమీ కాదు. ఆమె ముఖం అంత దగ్గరగా పెట్టుకుని పాఠం వినడమే కష్టం.

ఆకాష్ యానాం నుంచి ఈ తమిళ ఊరికి చదువుకోవడానికి వచ్చాడు. చదువైపోయింది. కురుచికుప్పంలో ఒక గదిలో ఉంటూ, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఉద్యోగం వెతుకుతున్నానని చెబుతూ, కీర్తిక దగ్గర రెండో కెమెరా పట్టుకునే పనిలో చేరాడు. కీర్తిక వాళ్ళు తాతముత్తాతల నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళలో ఎవరెవరికో లైటు పట్టుకుంది. ఆడపిల్ల చేతికి కెమెరా ఎవరూ ఇవ్వకపోతే తనే కొనుక్కుని సారంలో చిన్న స్టూడియో పెట్టింది.

ఆరు నెలల్లో ఆకాష్ చేతికి ఆ మూడు పనులూ అలవాటయ్యాయి. మనసు మాత్రం అదుపు తప్పింది. చెప్పడానికి ధైర్యం లేక, ఒకరోజు లెన్సు డబ్బా మీద తెలుగులో రాశాడు: 'కీర్తికా, మీరంటే నాకు ప్రాణం.'

"ఏం రాసినావు?"

"జాగ్రత్తగా వాడాలి అనండి."

ఆమె తలూపి డబ్బా సంచిలో పెట్టుకుంది. పదిరోజుల తర్వాత, వానకి స్టూడియో షట్టర్ సగం దించుతూ, అతని వైపు చూడకుండా అంది: "డబ్బా మీద ఉండేది మా పక్కింటి టీచరక్క చదివి చెప్పింది."

ఆకాష్‌కి ఏదో చెప్పాలనిపించి నోరు తెరవబోయాడు.

"ఇప్పుడేం మాట్లాడొద్దు. భువన పెళ్ళి కానీ. ఆమీద నేనే చెప్తా." చెవులు ఎర్రబడ్డాయి ఆమెకి. వానలో తడిసిన చెయ్యి అతని మీద విదిలించి లోపలికి పోయింది.

భువనేశ్వరి కీర్తికకి బడినాటి స్నేహితురాలు. భువన తల్లి మణియమ్మ మాత్రం ఆడపిల్లని నమ్మి ఫోటోలు అప్పగించేదేంది అని మొండికేసింది. భువన అన్నం మానేసి మరీ ఒప్పించింది. అప్పటిదాకా దొరికినవి పెళ్ళికి ముందు ఫోటోలే; కీర్తిక తన పేరు మీద తీసుకున్న మొదటి పెళ్ళి ఇదే. బాగా వస్తే పదిమంది పిలుస్తారు. చెడితే మణియమ్మ నోరు చాలు, ఊళ్ళో ఇంకెవరూ పిలవరు.

పెళ్ళి అరియాంకుప్పంలో, పొద్దున్నే. కీర్తిక తన కెమెరాతో వేదిక వెనక స్టూలెక్కి నిలబడింది. ఆకాష్ ముందు, కింద, జూమ్ లెన్సుతో. తాళి కట్టేటప్పుడు ఒక కెమెరాకి అడ్డం వస్తే ఇంకోటి ఉండాలని ఏర్పాటు.

మేళం జోరందుకుంది. మొదటి ముడికి ఎవరో పెద్దాయన చెయ్యి ఆకాష్ లెన్సుకి అడ్డంగా వచ్చింది. ఆకాష్ కంగారు పడలేదు. వాళ్ళ యానాంలో మూడు ముళ్ళూ పెళ్ళికొడుకే వేస్తాడు. ఇంకా రెండున్నాయి కదా అనుకున్నాడు.

ఆ కాస్త వ్యవధిలో పాపిష్టి చూపు పెళ్ళికూతురి వెనక్కి పోయింది. జూమ్ పూర్తిగా తిప్పాడు, బటన్ నొక్కాడు. కీర్తిక స్పష్టంగా కనిపించింది.

అంతలో మేళం మారింది. చూస్తే పెళ్ళికొడుకు చేతులు తాడు వదిలేస్తున్నాయి, అతని అక్క అందుకుంటోంది. ఇక్కడివాళ్ళకి మిగిలిన రెండు ముళ్ళూ ఆడపడుచే వేస్తుంది. ఆ సంగతి అతనికి తెలియదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆకాష్ గబగబా జూమ్ వెనక్కి తిప్పి, వరసగా నొక్కేశాడు. వెనక బటన్ మరిచిపోయి, క్లిక్ మాత్రమే నొక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు ఇద్దరూ. ఆకాష్ తీసిన తాళి ఫోటోలు పదకొండు. పదకొండింటిలోనూ భువన ముఖం, తాళి, చేతులు అన్నీ పొగలా ఉన్నాయి. వాటి వెనక కీర్తిక, రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేంత తేటగా.

"నన్ను క్షమించండి. తప్పు నాదేనండి. మణియమ్మగారికి నేనే చెబుతాను."

కీర్తిక ఫోటోని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

"నా చేతిలో కెమెరా యాడుంది, చూడు."

ఆకాష్ చూశాడు. కెమెరా ఆమె నడుము దగ్గర వేలాడుతోంది. ఆమె తాళి వైపు చూడటం లేదు. తిన్నగా అతని లెన్సులోకి చూస్తూ నవ్వుతోంది. ఆరు నెలలుగా అతను ఆశపడిన నవ్వు అదే.

"నా దాంట్లో తాళి ఫోటో ఒక్కటి కూడా లేదు. నువ్వు నన్ను చూసినావు, సరి. నేను యాడ చూస్తా ఉండాను?"

సాయంత్రం కీర్తిక ఒక్కతే భువన ఇంటికి వెళ్ళింది. ఆకాష్‌ని రావద్దంది. గంట తర్వాత తిరిగొచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మణియమ్మగారు తిట్టారాండీ?"

"ఆమె తిట్టలే. 'నీ తప్పు కాదులేమ్మా, నీకు ఇచ్చిన మాదే తప్పు' అనింది. భువన ఒక్క మాట కూడా అనలే. లోపలికి పోయి తలుపు వేసుకునింది."

బయట ఎవరో బండి తీస్తున్న చప్పుడు. ఆకాష్ ఒక అడుగు ముందుకేశాడు. "పెళ్ళయ్యాక చెప్తానన్నారు కదండీ."

"చెప్తా. నాకూ నువ్వంటే ఇష్టమే. నా కంటే ముందు ఫోటోనే చెప్పేసింది." కన్నీళ్ళు తుడుచుకోలేదు. "రేపటినించి పనికి రావద్దు ఆకాష్."

"ఇంకెప్పుడూ అలా జరగదండి. ఒట్టు."

"నువ్వు సరిగ్గానే చేస్తావు. నా మింద నాకే నమ్మకం లేదు. నువ్వు ఎదురుగా ఉంటే నా కెమెరా కిందికి దిగిపోతా ఉంది. ఎనిమిదేళ్ళు లైటు పట్టుకునింది దీనికా నేను?"

బతిమాలాడు. కోప్పడ్డాడు. ఆఖరికి ఏడ్చాడు కూడా. ఆమె కుర్చీలోంచి లేవలేదు. అతను సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆగాడు.

"ఆ ఫోటో ఒక్కటి ఇస్తారా?"

కీర్తిక తెర వైపు తిరిగింది. అందులో ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

"అది భువన పెండ్లి ఫోటో ఆకాష్. ఇచ్చేదానికి నాది కాదు."