మూసేసిన డాన్సు హాల్లో పాట

ఆ డాన్సు హాలుకి మంచి పేరు లేదు. తాళం పడి ఏళ్ళయినా, చీకటి పడితే లోపల ఎవరో వాయిస్తారని వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఎదురింటి దర్జీ అయితే ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు — "విన్నానండీ... నా ఈ రెండు చెవులతో!"

బ్యాండు మాస్టారు నవ్వేసేవాడు. ఆయన బతుకంతా ఆ హాల్లోనే గడిచింది మరి. జంటలు మెల్లగా తిరిగే వాల్ట్జ్ రోజుల్లో ఫిడేలుతో మొదలెట్టాడు. హుషారు స్వింగ్ పాటలు రాగానే ఫిడేలాయన్ని పంపించేసి సాక్సోఫోన్ తెచ్చాడు. రాక్ పాటలొచ్చాయి — గిటారు లోపలికి, సాక్సోఫోన్ ఇంటికి. డిస్కో వచ్చింది — గిటారూ ఇంటికే. ఆఖరికి దరువేసే మిషనొకటి కొని, సొంత బావమరిది డ్రమ్ములు కూడా మూట కట్టించాడు. ఆ రోజు నుంచీ బావమరిది మాస్టారి గడప తొక్కలేదు.

తర్వాత రికార్డులు వేసేవాడొకడు వచ్చి మాస్టార్నే ఇంటికి పంపేశాడు. కొన్నాళ్ళకి హాలూ మూతపడింది.

ఒక రాత్రి భార్యతో ఆ దారిన వస్తుంటే కరెంటు పోయింది. సరిగ్గా హాలు ముందు... లోపల పాట మొదలైంది.

మాస్టారి ఒళ్ళు జల్లుమంది. అది ఆయన కట్టిన పాటే! పైగా ఫిడేలు, సాక్సోఫోన్, గిటారు — మూడూ కలిసి! ఆ ముగ్గురూ ఒక్కనాడూ ఒకే వేదిక ఎక్కలేదు. ఒకరు వెళ్ళాకే ఇంకొకరు వచ్చారు...

"పదవే... పోదాం." భార్య చెయ్యి పట్టి లాగాడు.

ఆవిడ కదల్లేదు.

"ఆగండి..." గుసగుసగా అంది. "ఆ డ్రమ్ము వినండి. మూడో దెబ్బ తొందరపడుతోంది."

"అయితే?"

"దెయ్యాలకి తొందరేంటండీ? వాడు మా తమ్ముడు!"

ఆయన చెయ్యి పట్టుకుని వెనక తలుపు తోసింది. లోపల ఒక లాంతరు. దాని చుట్టూ నాలుగు నెరిసిన తలలు. పాట ఠక్కున ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ అక్క గుర్తు రాలేదుట్రా?"

బావమరిది డ్రమ్ము పుల్లలు కింద పెట్టి, చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. "ఇంట్లో వాయిస్తే కోడళ్ళు తలనొప్పంటారక్కా. ఇక్కడైతే... భయపడి ఎవరూ రారు."

"మరి నన్నెందుకు పిలవలేదురా?" అన్నాడు మాస్టారు.

నలుగురూ మొహాలు చూసుకున్నారు. ఫిడేలాయన గొంతు సవరించుకున్నాడు.

"పిలిస్తే... ఏదో కొత్త ఫ్యాషన్ వచ్చిందని మళ్ళీ మమ్మల్ని పంపించేస్తారని, మాస్టారూ!"

మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది. ఆయన్ని చూసి బావమరిది నవ్వాడు. ఆ తర్వాత ఎవరికీ ఆగలేదు — హాలంతా ఖంగుమంది.

బయట వీధిలో ఎవరిదో సైకిలు దబ్బున పడింది.

"బాబోయ్... ఇవాళ నవ్వుతున్నాయిరోయ్!"